పెరట్లో రకూన్: చనువూ వద్దు, పగా వద్దు

"మాది తెనాలి. మా అమ్మాయి పురిటికని ఫిబ్రవరిలో న్యూజెర్సీ వచ్చాను. వీళ్ళ ఇంటి వెనుక పెద్ద పెరడు, ఆ వెనుక చెట్లు. రాత్రి పదింటికి వంటింటి తలుపు దగ్గరకు ఒక జంతువు వస్తుంది. పిల్లికన్న పెద్దది, కళ్ళకు నల్ల గంతలు కట్టినట్లుంటుంది. తోకకు వలయాలు. రకూన్ అంటారట. పాపం ఆకలితో వచ్చిందని మిగిలిన పెరుగన్నం పెడుతున్నాను. ముందుకాలు చెయ్యిలా చాచి తీసుకుంటుంది. ఇప్పుడు నా చేతికందేంత దగ్గరకు వస్తోంది. వారం రోజులుగా ఇంటి అటకలో కూనల ఏడుపు వినపడుతోంది. అల్లుడు బోను పెట్టించి దూరంగా వదిలిపెట్టించాలంటాడు. తల్లినీ బిడ్డల్నీ విడదీస్తే పాపం తగులుతుందని నేనంటాను. మీరేమంటారు? ఇంకొక సంగతి. చెట్టు మొదట్లో దాని మలం కుప్పగా వుంటే నిన్న చీపురుతో ఊడ్చి పారేశాను. దాని పక్కనే మా మూడేళ్ళ మనవడు ఇసుకలో ఆడుకుంటాడు. వాడికి మన్ను తినే అలవాటు వుంది."

ఏప్రిల్ నెలాఖరులో ఒక సోదరి రాసిన ఉత్తరమిది. ఉత్తరమంతా బోను గురించి. నన్ను కంగారు పెట్టినవి మాత్రం చివరి మూడు వాక్యాలు. అందుకే పత్రిక వెలువడేదాకా ఆగకుండా ఆమెకు అదే రోజు విడిగా జవాబు పంపాను. పురిటికనీ, మనవల్ని చూసుకోవటానికనీ అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు ఇవాళ మన ప్రతి ఊళ్ళోనూ వున్నారు. కనుక ఆ జవాబును మీ అందరికీ కాస్త విపులంగా చెబుతాను.

ముందు పసివాడి సంగతి

రకూన్ల పేగుల్లో ఒక రకం ఏలికపాము వుంటుంది. మన పిల్లల కడుపులో పెరిగే ఏలికపాముకు ఇది దాయాది. కాని దానికన్న చాలా ప్రమాదకరమైనది. రకూన్‌కు దీనివల్ల పెద్ద బాధ వుండదు. దాని మలంలో మాత్రం కంటికి కనపడని గుడ్లు లక్షల సంఖ్యలో బయటికి వస్తాయి. అప్పుడే పడిన మలంతో ఈ ప్రమాదం లేదు. రెండు నుంచి నాలుగు వారాలు గడిస్తే ఆ గుడ్లలో పిల్లపురుగులు తయారవుతాయి. అక్కడి నుంచి అవి మట్టిలో ఏళ్ళ తరబడి బతికి వుండగలవు. చలికి చావవు, బ్లీచింగ్ నీళ్ళకు చావవు. సలసల కాగే నీళ్ళకు చస్తాయి.

మన్ను తినే పిల్లవాడి నోట్లోకి ఆ గుడ్లు వెళితే పేగుల్లో పిల్లపురుగులు బయటికి వచ్చి, రక్తంలో పడి శరీరమంతా తిరుగుతాయి. కొన్ని కంటికి చేరి చూపు పాడు చేస్తాయి. కొన్ని మెదడుకు చేరతాయి. ఇలా జరగటం చాలా అరుదు. జరిగితే మాత్రం నష్టం తీవ్రం, చాలాసార్లు శాశ్వతం. వ్యాధి లక్షణాలు బయట పడ్డాక వైద్యం చేసినా పోయినదంతా తిరిగి రాదు.

ఇందులో ఊరట కలిగించే విషయం ఒకటి వుంది. మలం కలిసిన మట్టి పిల్లవాడి నోట్లోకి వెళ్ళిందని అనుమానం వచ్చిన వెంటనే, వీలైతే మూడు రోజుల లోపల, ఆల్బెండజోల్ అనే మందు మొదలుపెడితే పిల్లపురుగులు మెదడు చేరకముందే ఆపవచ్చు. మన బడుల్లో నులిపురుగులకని పిల్లలకు ఇచ్చే మందే ఇది. అయితే బడిలో ఇచ్చేది ఒక్క మోతాదు. ఇక్కడ పిల్లవాడి బరువునుబట్టి చాలా రోజులు వాడాలి. కనుక ఇండియా నుంచి తెచ్చుకున్న మాత్ర ఒకటి వేసి "సరిపోయిందిలే" అనుకోకూడదు. అక్కడి పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళి "రకూన్ మలం పక్కన మట్టి తిన్నాడు" అని ఆ మాటే స్పష్టంగా చెప్పాలి. ఊరికే మట్టి తిన్నాడంటే ఈ పురుగు సంగతి ఆయనకు తట్టకపోవచ్చు.

ఆ సోదరికి నేను రాసిన మొదటి వాక్యం ఇదే: "అమ్మా, ఈ ఉత్తరం చదవటం ఇక్కడ ఆపి పిల్లల డాక్టరుకు ఫోను చేయించండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు."

అసలు ఎవరీ రకూన్?

ఇది ఉత్తర అమెరికా జంతువు. మన అడవుల్లో లేదు. చూపుకు మన పునుగుపిల్లిని తలపిస్తుంది గాని దానికి చుట్టం కాదు. బరువు సాధారణంగా నాలుగు నుంచి పది కిలోల దాకా వుంటుంది. పగలు పడుకుని రాత్రి తిరుగుతుంది. పండ్లు, కాయలు, పురుగులు, కప్పలు, గుడ్లు, మనం పారేసిన కూడు, దేనికీ కాదనదు. దాని బలమంతా ముందుకాళ్ళలో వుంది. వాటి స్పర్శజ్ఞానం చాలా సూక్ష్మమైనది. ఆ వేళ్ళతో మూతలు తీస్తుంది, గడియలు ఎత్తుతుంది. నీళ్ళలో ఆహారాన్ని తడుముతూ వుంటే కడుగుతున్నట్లు కనిపిస్తుందని దాని శాస్త్రీయ నామంలోనే 'కడిగేది' అన్న అర్థం వచ్చే మాట చేర్చారు.

అడవులు నరికి ఊళ్ళు కట్టినా ఇది ఎటూ పోలేదు. చెట్టు తొర్రకు బదులు అటక, ఏటి ఒడ్డుకు బదులు చెత్తడబ్బా చూసుకుని మనతోనే వుండిపోయింది. దాన్ని పూర్తిగా వెళ్ళగొట్టటం ఎవరివల్లా కాదు. పక్కపక్కనే వుంటూ ఒకరి జోలికి ఒకరు పోకుండా బతకటమే మార్గం.

అన్నం పెడితే తప్పా?

కాకికి ముద్ద పెట్టి, ఆవుకు అరటిపండు పెట్టి పెరిగిన వాళ్ళం. ఆకలితో గుమ్మం ముందుకు వచ్చిన ప్రాణికి పెట్టవద్దంటే మనసొప్పదు. అయినా చెబుతున్నాను, రకూన్‌కు పెట్టకూడదు.

ఒకటి, పెట్టిన చోటికి ఒకటి కాదు, నాలుగు వస్తాయి. ఒకచోట చేరితే వాటిలో ఒకదాని రోగం మరొకదానికి అంటుకుంటుంది. రెండు, ఎక్కడ తింటాయో ఆ చుట్టుపక్కలే మలవిసర్జనకు ఒక చోటు ఎంచుకుని రోజూ అక్కడికే వెళతాయి. అంటే మీ పెరుగన్నమే ఆ కుప్పను ఇసుక పక్కకు తెచ్చి వుండవచ్చు. మూడు, మనిషి అంటే భయం పోతుంది. ఇవాళ మీ చేతి ముద్ద తీసుకున్నది రేపు పసివాడి చేతిలోని బిస్కెట్టు లాక్కుంటుంది. అప్పుడు పన్ను తగిలితే దాని నేరం కాదు. చివరికి ఆ ఇంటివారు భయపడి ఫిర్యాదు చేస్తే, మనిషికి అలవాటు పడిన జంతువును చంపివేయటం కద్దు. కనుక పెట్టకపోవటమే దానికి మీరు చేసే ఉపకారం.

మానిపించటం కష్టం కాదు. పెట్టటం ఆపండి. నాలుగు రోజులు వచ్చి చూస్తుంది. తలుపు తీయవద్దు. తర్వాత మరో దారి చూసుకుంటుంది.

"కూనప్పుడే తెచ్చి పెంచుకుంటే?" అని అడిగేవారున్నారు. 1977లో జపానులో ఒక రకూన్ కూన కథ టెలివిజన్ ధారావాహికగా వచ్చింది. పిల్లలంతా అలాంటిదే కావాలన్నారు. అమెరికా నుంచి ఎన్నో కూనల్ని తెప్పించుకున్నారు. అవి పెద్దవై కరవటం మొదలుపెట్టాక తీసుకెళ్ళి అడవుల్లో వదిలారు. ఇప్పుడవి ఆ దేశంలో పంటలకూ, పాత దేవాలయాలకూ బెడదగా తయారయ్యాయి. ముద్దుగా వున్న అడవి ప్రాణి ముద్దుగానే వుండిపోదు.

మలం శుభ్రం చేసే పద్ధతి

చీపురుతో ఊడ్చటం సరికాదు. దుమ్ము లేచి చేతులకూ బట్టలకూ అంటుతుంది, నోట్లోకి వెళుతుంది. పిల్లల్నీ కుక్కల్నీ లోపలికి పంపి ఈ విధంగా చేయాలి:

చేతులకు రబ్బరు తొడుగులు, కాళ్ళకు రబ్బరు బూట్లు, ముక్కుకూ నోటికీ ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి. దుమ్ము లేవకుండా మలం మీద కొంచెం నీళ్ళు చిలకరించాలి. పారతో తీసి ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి చెత్తలో పారవేయాలి. ఆ చోట సలసల కాగే నీళ్ళు పోయాలి. మీద పడకుండా జాగ్రత్త! పారను కూడా కాగే నీళ్ళతో కడగాలి. కట్టుకున్న బట్టలు వేడినీళ్ళలో ఉతికి, చేతులు సబ్బుతో రుద్ది కడుక్కోవాలి.

తర్వాత కూడా వారానికి రెండుసార్లు పెరడంతా ఒకసారి చూసుకోండి. గుడ్లు ప్రమాదకరంగా మారటానికి రెండు వారాలైనా పడుతుందన్నాను కదా! ఆ లోపల తీసేస్తే భయం లేదు. చెట్ల మొదళ్ళు, పడిపోయిన దుంగలు, కట్టెల పేర్పు, వెనుక చెక్క వసారా కింద, చదునైన కప్పు, ఇవి అవి ఎంచుకునే చోట్లు. అటకలో కుప్ప వుంటే మీరు ఎక్కవద్దు. ఆ పని తెలిసినవారితోనే చేయించాలి.

పిల్లల ఇసుకపెట్టెకు బిగుతైన మూత వుండాలి. అనుమానం వున్న ఇసుకను పూర్తిగా తీసివేయించి కొత్తది పోయించాలి. ఆడి లోపలికి వచ్చిన పిల్లవాడికి చేతులు కడగనిదే పాలగ్లాసు కూడా ఇవ్వవద్దు.

అటకలో బాలింత

ఇప్పుడు అత్తా అల్లుళ్ళ వాదానికి వద్దాం. ఇద్దరిదీ సగం సగం నిజం. అటకలో రకూన్లు వుండకూడదు. అల్లుడిగారి మాట నిజం. తల్లినీ బిడ్డల్నీ విడదీయకూడదు. అత్తగారి మాటా నిజం.

రకూన్ గర్భం తొమ్మిది వారాలు. అమెరికా ఉత్తర ప్రాంతంలో ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో ఈనుతుంది. ఒక కాన్పుకు మూడు నుంచి అయిదు కూనలు. మూడు వారాల వరకు కళ్ళు తెరవవు. ఈ సమయంలో తల్లిని బోనులో పట్టుకుపోతే కూనలు అటకలో ఆకలికి చనిపోతాయి. ఆ వాసనతో ఇల్లు భరించటం కష్టం. లేదా వాటి కోసం తల్లి కప్పు చీల్చుకుని లోపలికి వస్తుంది.

దూరంగా తీసుకెళ్ళి వదలటం కూడా మంచిపని కాదు. చాలా రాష్ట్రాల్లో అది చట్టవిరుద్ధం. దానికి బలమైన కారణం వుంది. రకూన్లలో వుండే రేబిస్ ఒకప్పుడు ఫ్లోరిడా వంటి దక్షిణాది రాష్ట్రాలకే పరిమితం. వేటగాళ్ళు అక్కడి రకూన్లను లారీల్లో తెచ్చి ఉత్తరాదిన వదిలారనీ, వాటితోపాటు రోగం కూడా వచ్చిందనీ శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 1977లో పశ్చిమ వర్జీనియాలో మొదటిసారి కనిపించిన ఆ రేబిస్ 1989 నాటికి న్యూజెర్సీ చేరింది. తర్వాత తూర్పు తీరమంతా పాకింది. 1990ల నుంచి అక్కడి ప్రభుత్వం విమానాల నుంచి టీకా దట్టించిన ఎరలు అడవుల్లో చల్లి దాన్ని పడమటి వైపు పోకుండా ఆపుతోంది. ఒక బోనెడు జంతువుల్ని చోటు మార్చినందుకు చెల్లిస్తున్న మూల్యమిది.

మరి ఏం చేయాలి? వీలైతే ఓపిక పట్టాలి. ఎనిమిది పది వారాలు గడిస్తే కూనలు తల్లి వెంట బయటికి వచ్చేస్తాయి. అన్నాళ్ళు ఆగలేకపోతే దాని నిద్ర చెడగొట్టాలి. పగలంతా అటకలో దీపం వెలిగించి వుంచండి. మాటలు వచ్చే రేడియో ఒకటి దగ్గరగా పెట్టించండి. చీకటి, నిశ్శబ్దం లేని చోట బాలింత వుండదు. తల్లి రకూన్‌కు సామాన్యంగా మరో రెండు మూడు స్థావరాలు తెలిసి వుంటాయి. రెండు మూడు రాత్రుల్లో కూనల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని తరలించుకుపోతుంది. అందరూ వెళ్ళిపోయారని రూఢి చేసుకున్నాకే, ఆ కంతను గట్టి ఇనుప వలతో మూయించాలి. లోపల ఒక్క కూన వున్నా మూయకూడదు. రూఢిగా తెలియకపోతే వన్యప్రాణుల పని తెలిసిన లైసెన్సు గల మనిషిని పిలిచి, తల్లీబిడ్డలు కలిసి వెళ్ళేటట్లు చేయమని అడగండి.

కరిచినా, గీరినా

రకూన్ కరిచినా, గోటితో రక్తం వచ్చేలా గీరినా, దాని చొంగ పుండు మీదగాని కంట్లోగాని పడినా రేబిస్ రావచ్చనే భావించాలి. అమెరికాలో రేబిస్‌తో చనిపోయేవారు ఏడాదికి పదిమందికి లోపే. అక్కడ ఆ జబ్బు లేక కాదు, కరిచిన వెంటనే టీకాలు వేయించుకోవటం వల్ల. జబ్బు బయట పడ్డాక మాత్రం బతికించే మందు అక్కడా లేదు, ఇక్కడా లేదు.

మొదట చేయవలసింది మీ చేతిలోనే వుంది. గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి, ఆకుపసర్లు వద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కిస్తారు. మొదటి రోజు, మూడు, ఏడు, పద్నాలుగో రోజుల్లో జబ్బకు నాలుగు టీకాలు వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు పాతకాలపు మాట. ఆ రకం టీకా మన దేశంలో కూడా 2004తో ఆగిపోయింది. గతంలో కుక్క కరిచి టీకాలు వేయించుకుని వుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. చికిత్స మారుతుంది.

ఇక్కడ పెద్దవాళ్ళకు ఒక మాట. ఈ చికిత్సకు అమెరికాలో వేల డాలర్లు అవుతాయి. అల్లుడికి ఖర్చు పెట్టించటమెందుకని, తప్పు నాదేనని, గీత చిన్నదేనని చెంగు చాటున దాచే తల్లులు నాకు తెలుసు. దాచవద్దు. ఇండియా వెళ్ళాక చూపించుకుందామని వాయిదా వేయవద్దు. భీమా కట్టి వెళితే అందులో ఇది వస్తుందో లేదో బయలుదేరక ముందే కనుక్కోండి. రాకపోయినా సరే, ముందు టీకా, తర్వాత లెక్క.

పగటిపూట రకూన్ కనిపించగానే పిచ్చి పట్టిందని కేకలు వేయనక్కరలేదు. పాలిచ్చే తల్లి ఆకలికి పగలు కూడా తిరుగుతుంది. తూలుతూ నడిచినా, చొంగ కారుతున్నా, మనుషుల్ని చూసి కదలకపోయినా, ఊరికే మీదికి వచ్చినా జబ్బున్నట్లు లెక్క. పిల్లల్ని లోపలికి తెచ్చి, ఊరి జంతు నియంత్రణ విభాగానికి ఫోను చేయించండి. మీరు కర్ర పట్టుకుని వెళ్ళవద్దు.

ఇల్లు చక్కబెట్టుకోవటం

చెత్తడబ్బాకు బిగుతైన మూత, దాని మీద సాగే పట్టీ వుండాలి. రాత్రంతా బయట పెట్టక, బండి వచ్చే రోజు ఉదయమే పెట్టాలి. కుక్కకూ పిల్లికీ పెట్టిన గిన్నెలు సాయంత్రం లోపలికి తేవాలి. తులసికోట దగ్గర పెట్టిన నైవేద్యం కూడా అంతే. రాలిన పండ్లు ఏరివేయాలి. పక్షులకు వేసిన గింజలు రాత్రి తీసివేయాలి. కప్పు మీదికి వాలిన కొమ్మలు నరికించాలి. పొగగొట్టానికి జల్లెడ మూత వేయించాలి. పెరట్లో నీళ్ళు నిలవ వుంచరాదు. రకూన్ మూత్రం పడిన నీటి వల్ల, మన వరిచేల వాళ్ళకు తెలిసిన ఎలుకజ్వరం రావచ్చు. ఇంట్లో కుక్క వుంటే దానికి టీకాలు తప్పనిసరి.

తెనాలి, తుని, తాండూరులో వున్నవారు "మాకెందుకీ గోల" అనుకోవద్దు. మన కుక్కల, పిల్లుల పేగుల్లోనూ ఏలికపాముల జాతి పురుగులున్నాయి. వీధి ఇసుకకుప్పలో ఆడి చేయి కడగని పిల్లవాడి కంటికి అవి కూడా చేటు చేయగలవు. రేబిస్ మనదగ్గర కుక్కల వల్ల వస్తుంది. సబ్బు, నీళ్ళు, పదిహేను నిమిషాలు, వెంటనే టీకా, ఈ సూత్రం ఏ దేశంలోనైనా ఒక్కటే.

ఆ సోదరి మళ్ళీ రాసింది. పిల్లల డాక్టరు ఆ మరునాడే మందు మొదలుపెట్టాడట. మనవడు బాగానే వున్నాడు, మూత వేసిన ఇసుకపెట్టె చూసి అలిగాడట. అటకలో దీపం పెట్టిన మూడో రాత్రి కిటికీ అద్దంలోంచి చూస్తుండగా తల్లి రకూన్ కూనల్ని ఒక్కొక్కటిగా మోసుకుని చెట్లలోకి వెళ్ళిందట. "ముగ్గురు పిల్లలు డాక్టరు గారూ, మూడుసార్లు తిరిగింది. అల్లుడు కూడా నిలబడి చూశాడు. తలుపు మాత్రం తీయలేదు" అని రాసింది.